బావి అడుగున పేలుడు: గట్టి బండలో గుంత ఎలా పడుతుంది

వరంగల్ చుట్టుపక్కల పాత వ్యవసాయ బావులను ఎండాకాలంలో, నీళ్లు అడుగంటినప్పుడు చూడాలి. పైన రెండు మూడు గజాలు ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద నుంచి బండ. ఆ బండ గోడ మీద అక్కడక్కడా రెండు వేళ్ల వెడల్పున, సగానికి నిలువుగా కోసిన గొట్టంలాంటి చారలు కనిపిస్తాయి. కంప్రెసర్ బండి పెట్టి కొట్టిన పొక్కల ఆనవాళ్లవి. సగం పొక్క గోడకు మిగిలింది, మిగతా సగం రాయితో పాటు ఊడి ఒడ్డు మీది కుప్పలో చేరింది. కొన్ని పొక్కల అడుగున రాయి తెల్లబడి ఉంటుంది. గోరుతో గీకితే పిండిలా రాలుతుంది. అక్కడి నుంచి జానెడు పక్కకు జరిగి సమ్మెటతో కొడితే అదే రాయి ఠంగుమంటుంది.

బావి తవ్వించే రైతు పొక్కకు ఇంత, అందులో పెట్టే పేలుడు మందు తూటాకు ఇంత అని డబ్బు లెక్క చూసుకుంటాడు. అందుకే ఎక్కువ మందు పెడితే పెద్ద గుంత పడుతుందన్న నమ్మకం ఊళ్లలో గట్టిగా ఉంటుంది. కానీ ఒకే బావిలో, ఒకే రోజు, ఒకే కొలత మందు పెట్టిన రెండు పొక్కల్లో ఒకటి గంపలకొద్దీ రాయి లేపుతుంది, ఇంకోటి పొగ చిమ్మి ఊరుకుంటుంది. అప్పుడు మందు నాసిరకమని తిట్టుకోవడం మామూలే. చాలాసార్లు తప్పు మందుది కాదు. బండకు ఎటువైపు ఖాళీ ఉంది, ఆ ఖాళీకి మందు ఎంత దూరంలో ఉంది, ఈ రెండూ చూసుకోకపోవడమే అసలు తప్పు.

కిరోసిన్ కంటే తక్కువ శక్తి

బండను పగలగొట్టే పదార్థంలో అంతులేని శక్తి ఉంటుందని అనుకుంటాం. లెక్క చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కిలో కిరోసిన్ మండితే దాదాపు 43 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. గనుల్లో వాడే పేలుడు మిశ్రమాలు కిలోకు ఇచ్చేది 4 మెగాజౌళ్లకు కాస్త అటూ ఇటూ. పొయ్యిలో పెట్టే ఎండు కట్టె కూడా దానికి మూడు నాలుగింతలు ఇస్తుంది.

తేడా అంతా వేగంలో ఉంది. కట్టె గాలి అందినంత మేరకే మండుతుంది, అందుకే గంటసేపు పడుతుంది. పేలుడు పదార్థం తనకు కావలసిన ఆక్సిజన్‌ను తనలోనే పెట్టుకుని ఉంటుంది. ఒక చివర మొదలైన రసాయన చర్య సెకనుకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో రెండో చివరకు పాకుతుంది. అర మీటరు పొడవున్న మందు మొత్తం వాయువుగా మారడానికి సెకనులో పదివేలవ వంతు చాలు. కనురెప్ప వాలి లేచేలోపు అలాంటివి వెయ్యి జరిగిపోవచ్చు. కిలో మందు నుంచి, మామూలు గాలి ఒత్తిడి దగ్గర కొలిస్తే, వెయ్యి లీటర్ల దాకా వాయువు వస్తుంది. అంత వాయువు రెండు మూడు వేళ్లు పట్టే పొక్కలో, మండే వేడితో, ఒక్కసారిగా ఇరుక్కుపోతే ఒత్తిడి వాతావరణ పీడనానికి పదుల వేల రెట్లు అవుతుంది.

ఊళ్లలో ఈ తూటాలను ఇప్పటికీ జిలెటిన్ అనే అంటారు. నైట్రోగ్లిజరిన్‌తో చేసిన అసలు జిలెటిన్ రకాలను మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు ఆ పేరుతో నడిచేవి అమ్మోనియం నైట్రేట్ ఆధారంగా తయారైన స్లర్రీ, ఎమల్షన్ రకాలు. వనస్పతి ఏ కంపెనీదైనా డాల్డా అయినట్టే ఇదీ.

నలిగేది కొంచెం, చీలేది ఎక్కువ

గ్రానైట్‌ను నొక్కి పిండి చేయాలంటే చదరపు సెంటీమీటరు మీద టన్నున్నర నుంచి రెండు టన్నుల బరువు మోపాలి. ఇంకా గట్టి రకాలూ ఉన్నాయి. అదే రాయిని రెండు వైపులా పట్టి లాగి తెంపడానికి వంద కిలోలు, అటూ ఇటుగా, సరిపోతుంది. అంటే నొక్కుడును తట్టుకునే బలంలో లాగుడును తట్టుకునే బలం పదో వంతో, ఇరవయ్యో వంతో. బడిలో సుద్దముక్క విషయం అందరికీ తెలుసు. నిలబెట్టి పైనుంచి వేలితో ఎంత నొక్కినా ఏమీ కాదు. అడ్డంగా పట్టి కాస్త వంచితే టక్కున విరుగుతుంది. వంచినప్పుడు దాని ఒక వైపు సాగుతుంది, విరగడం ఆ వైపు నుంచే మొదలవుతుంది. బండ అంతా పెద్ద సుద్దముక్కే.

పొక్కలో మందు పేలగానే ముందు జరిగేది నొక్కుడే. పొక్క గోడకు ఆనుకున్న రాయి ఆ ఒత్తిడికి తాళలేక పిండి అవుతుంది. బావి గోడ మీద కనిపించే ఆ తెల్లటి పొర అదే. కానీ ఈ నలుగుడు పొక్క వెడల్పుకు ఒకటి రెండింతల దూరం కూడా దాటదు. ఒత్తిడి చుట్టూ పరుచుకునేకొద్దీ వేగంగా పలచబడుతుంది, రాయి నొక్కుడు బలం కంటే కిందికి దిగిపోతుంది. మొత్తం శక్తిలో గణనీయమైన భాగం ఈ పిండి చేయడంలోనే ఖర్చయిపోతుంది. పిండి వల్ల బావి తవ్వేవాడికి లాభమేమీ లేదు. మందు ఎక్కువ దట్టించినప్పుడు పెరిగేది చాలావరకు ఈ పిండే.

నలిగిన పొర బయట ఒత్తిడి అల ముందుకు పోతూ రాయిని బయటికి నెడుతుంది. చుట్టుకొలత పెరగాల్సి వస్తుంది కాబట్టి రాయి చుట్టూ సాగుతుంది. ఇక్కడ లాగుడు మొదలైంది. పొక్క చుట్టూ సైకిల్ చక్రం పుల్లల్లా పగుళ్లు పుడతాయి. నలిగిన పొర కంటే ఇవి ఎన్నో రెట్లు దూరం పోతాయి. ఇంతవరకు జరిగినదానికి పైన ఖాళీ ఉన్నా లేకపోయినా ఒకటే. కిలోమీటరు లోతున పేల్చినా ఈ రెండు వలయాలూ ఏర్పడతాయి. గుంత మాత్రం పడదు.

క్యారమ్ బోర్డు మీద నాలుగైదు కాయిన్లను ఒకదానికొకటి ఆనించి వరుసగా పెట్టి, ఒక చివర స్ట్రయికర్‌తో గట్టిగా కొడితే మధ్యవి ఇంచుమించు కదలవు. ఆఖరు కాయిన్ ఒక్కటే ఎగిరి పోతుంది. దెబ్బ కాయిన్ నుంచి కాయిన్‌కు నొక్కుడుగా పాకింది. ఆఖరుదానికి అవతల పట్టుకునేవాళ్లు లేరు, అందుకే అది విడిపోయింది. బండలో జరిగేదీ ఇలాంటిదే. సెకనుకు అయిదారు కిలోమీటర్ల వేగంతో వచ్చిన నొక్కుడు అల రాయి అంచుకు, అంటే గాలి మొదలయ్యే చోటికి, చేరుతుంది. గాలి దాన్ని తీసుకోలేదు. అల వెనక్కి తిరుగుతుంది, కానీ తలకిందులై తిరుగుతుంది. నొక్కుడుగా పోయినది లాగుడుగా వస్తుంది. లాగుడంటే బండకు పడదని ముందే చూశాం. ఉపరితలం దగ్గరి రాయి పలకలు పలకలుగా ఊడడానికి సిద్ధమవుతుంది. కేంబ్రిడ్జ్ ఇంజినీరు బెర్ట్రమ్ హాప్కిన్‌సన్ 1914లోనే ఉక్కు పలక మీద గన్‌కాటన్ అనే పేలుడు పదార్థాన్ని పేల్చి దీన్ని చూపించాడు. మందు పెట్టిన వైపున పలక సొట్ట పడితే, అవతలి వైపు నుంచి ఉక్కు ముక్క ఊడి పడింది.

గని ఇంజినీర్లు ఈ ఖాళీ వైపును ఫ్రీ ఫేస్ అంటారు. గుంతను సగం తవ్వేది అదే అనడం అతిశయోక్తి కాదు.

మిగతా సగం వాయువు పని. అల రావడం, పోవడం అంతా మిల్లీసెకను లోపే ముగుస్తుంది. వాయువు ఇంకా పొక్కలోనే ఉంటుంది. అది పుల్లల్లాంటి పగుళ్లలోకి దూరి వాటిని గడ్డపారతో తెరిచినట్టు తెరుస్తుంది. ఖాళీ వైపున్న రాయికి అడ్డు తక్కువ కాబట్టి ఆ వైపు పగుళ్లే ముందు బారుతాయి. పైకప్పు ఉబ్బుతుంది, విరుగుతుంది, గరాటు ఆకారంలో ముక్కలై లేస్తుంది. అంచు వైపు వెడల్పు, మందు వైపు సన్నం. పొక్క మూతిని తడిమట్టితోనో రాతి చూరతోనో గట్టిగా కూరడం ఈ వాయువు కోసమే. మూత వదులైతే వాయువు తుపాకీ గొట్టంలో నుంచి వచ్చినట్టు పైకి చిమ్ముతుంది. ఒడ్డున నిలబడినవాళ్లకు ఆ చప్పుడు, పొగ పెద్ద పేలుడులాగే అనిపిస్తుంది. కిందికి దిగి చూస్తే రాయి అలాగే ఉంటుంది. చప్పుడు ఎక్కువైతే పని బాగా జరిగిందనుకోవడం పొరపాటు. ఆ చప్పుడు రాయిని వదిలి గాలిలోకి పోయిన శక్తిది.

ఎంత లోతు

దీపావళికి పిల్లలు సుతిలి బాంబుతో చేసే అల్లరి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నేల మీద పెట్టి కాలిస్తే చెవులు గింగురుమంటాయి, నేల మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. ఇసుకలో కొంచెం పూడిస్తే ఇసుక ఎగిరి గుంత పడుతుంది. ఇంకా లోతుకు పూడిస్తే బుస్సుమని నేల కాస్త ఉబ్బి కూలబడుతుంది. బాంబు అదే, ఇసుక అదే. మారింది లోతు ఒక్కటే.

సి.డబ్ల్యు.లివింగ్‌స్టన్ అనే అమెరికన్ ఇంజినీరు 1956లో దీన్ని ఒక లెక్కలోకి తెచ్చాడు. ఒక కొలత మందును చాలా లోతున పెట్టి మొదలుపెడితే పైన ఏమీ తెలియదు. క్రమంగా పైకి తెస్తే ఒక లోతు దగ్గర ఉపరితలం మొట్టమొదటిసారి పగులుతుంది. దాన్ని క్రిటికల్ డెప్త్ అన్నాడు. ఇంకా పైకి తెస్తే గుంత పెరుగుతూ పోయి, ఒక చోట అత్యధికమై, ఆపైన మళ్లీ తగ్గుతుంది. ఆ అత్యధికం చాలా గట్టి రాళ్లలో క్రిటికల్ డెప్త్‌కు ఇంచుమించు సగం దగ్గర వస్తుంది. మందును పూర్తిగా పైకి తెచ్చి బండ మీద పరిస్తే శక్తిలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. పెద్ద గుండు మీద తూటా పెట్టి బురద మెత్తి పేల్చే పాత పద్ధతిలో మందు అంత వృథా కావడం ఇందుకే.

ఈ లోతు మందు బరువుతో నేరుగా పెరగదు, ఘనమూలంతో పెరుగుతుంది. మందు ఎనిమిదింతలు చేస్తే గుంత కొలతలు రెండింతలవుతాయి. రెట్టింపు చేస్తే పెరిగేది పావు వంతు మాత్రమే. మరో తూటా కలిపితే గుంత ఇంకో గజం దిగుతుందనుకునే రైతు లెక్క తప్పేది ఇక్కడే. లోతు మార్చకుండా మందు మాత్రమే పెంచితే ఆ పావు వంతు కూడా గ్యారంటీ కాదు.

పెద్ద స్థాయిలో దీనికి రుజువులు అమెరికా నెవాడా ఎడారిలో ఉన్నాయి. కాలువలు, రేవులు అణు పేలుళ్లతో తవ్వేద్దామని ప్రభుత్వాలు నిజంగా నమ్మిన కాలమది. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది కానీ, బండలో గుంతల గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ పిచ్చి నుంచి వచ్చిందే. 1962 మార్చి 5న డానీ బాయ్ అనే పరీక్షలో 0.42 కిలోటన్నుల (అంటే 420 టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానమైన) అణు పరికరాన్ని గట్టి బసాల్ట్ బండలో సుమారు 33 మీటర్ల లోతున పేల్చారు. దాదాపు 65 మీటర్ల వెడల్పు, 19 మీటర్ల లోతు గుంత పడింది. 1964 డిసెంబర్ 18న అదే ప్రాంతంలో, అదే రకం బసాల్ట్‌లో సల్కీ అనే పరీక్ష జరిపారు. ఈసారి లోతు 27 మీటర్లు, శక్తి 0.09 కిలోటన్ను. లోతు తక్కువే కానీ శక్తి అయిదో వంతుకు పడిపోయింది. ఆ శక్తికి 27 మీటర్లు మరీ ఎక్కువ లోతు. గుంత పడలేదు సరికదా, అక్కడ రాళ్ల దిబ్బ లేచింది.

దిబ్బ ఎలా లేచిందన్నది బావి ఒడ్డున తెలిసిన సంగతే. బావిలో నుంచి తీసిన రాయి, అది ఖాళీ చేసిన చోటు కంటే ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. ముక్కల మధ్య సందులు చేరతాయి కాబట్టి పగిలిన బండ ఒకటిన్నర రెట్ల దాకా ఉబ్బుతుంది. పేలుడు రాయిని పగలగొట్టి, బయటికి విసరలేకపోతే ఆ ఉబ్బంతా అక్కడే పేరుకుంటుంది. రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో 1974 మే 18న మన దేశం 107 మీటర్ల లోతున అణు పేలుడు జరిపినప్పుడు కూడా పైన పడిన గుంత లోతు పది మీటర్ల చుట్టుపక్కలే. లేచిన రాయిలో చాలా భాగం తిరిగి అందులోనే పడింది. బావి అడుగున కూడా పేలుడు తర్వాత కంటికి కనిపించే గుంత నిజమైన గుంత కాదు. దాని మీద రాళ్ల కుప్ప పరుచుకుని ఉంటుంది. క్రేన్ బొక్కెనలతో అదంతా ఎత్తిపోస్తేనే అసలు అడుగు బయటపడుతుంది.

బావికీ క్వారీకీ తేడా

కంకర క్వారీలో బండకు మెట్టు ఉంటుంది. ముందు వైపు, పై వైపు రెండూ ఖాళీ. రాయి ముందుకు కూలితే చాలు, బరువు కూడా సాయపడుతుంది. బావిలో నాలుగు వైపులా బండ, ఖాళీ ఉన్నది పైన ఒక్కటే. రాయిని దాని బరువుకు ఎదురుగా లేపాలి. అందుకే అదే బండలో, ఒక ఘనపు మీటరు రాయి తీయడానికి బావిలో క్వారీ కంటే ఎంతో ఎక్కువ మందు పడుతుంది. సొరంగాల్లోనూ ఇదే ఇబ్బంది, ఎదురుగా ఒక్క ముఖమే. దేవాదుల ఎత్తిపోతల సొరంగాన్నీ, రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో కట్టిన గాయత్రి పంప్‌హౌస్‌నూ బండలో ఇలా పేలుస్తూనే తొలిచారు.

దీనికి విరుగుడు అన్నీ ఒకేసారి పేల్చకపోవడం. ముందు నడిమి పొక్కలు పేలి చిన్న గుంత చేస్తాయి. కొన్ని పదుల మిల్లీసెకన్ల తర్వాత పక్కవి పేలుతాయి. వాటికి ఇప్పుడు పైన ఉన్న ఖాళీకి తోడు పక్కన కొత్త ఖాళీ దొరికింది. చివరికి అంచు పొక్కలు. మొత్తం ఒకేసారి పేలిస్తే ప్రతి పొక్కా తన రాయిని ఒంటరిగా పైకి మోయాలి. వరుసగా పేలిస్తే ఒకదాని గుంత ఇంకోదానికి ఫ్రీ ఫేస్ అవుతుంది. మందు పెరగలేదు, రాయి మాత్రం ఎక్కువ ఊడింది. ఒత్తి కాల్చే రోజుల్లో ఇదే పనిని ఒత్తి పొడవుల తేడాతో చేసేవాళ్లు. అప్పట్లో ఒడ్డున ఉన్న మేస్త్రి వేళ్ల మీద పేలుళ్లు లెక్కపెట్టేవాడు. పెట్టిన పొక్కలు తొమ్మిదై, వినిపించినవి ఎనిమిదైతే ఆ పూట ఎవరినీ బావిలోకి దిగనిచ్చేవాడు కాదు.

బండ అంతా ఒకే ముద్ద కాదు

వరంగల్‌కు ఏకశిలానగరం అని పేరు. చూడ్డానికి గుట్ట మొత్తం ఒకే రాయిలా ఉన్నా, దగ్గరికి పోతే ఉల్లిపొరల్లా బండ పొరలు, నిలువు చీలికలు కనిపిస్తాయి. ఇక్కడి గ్రానైట్లు దాదాపు 250 కోట్ల ఏళ్లవి. అన్నేళ్లలో బండ మీద పడ్డ బరువులు తొలగడం, ఎండకు వానకు తడిసి ఆరడం పొరలను ఎప్పుడో విడదీశాయి. పేలుడు అలకు ఇలాంటి ప్రతి చీలికా ఒక చిన్న ఫ్రీ ఫేసే. అల కొంత అక్కడే వెనక్కి తిరుగుతుంది, వాయువు ఆ సందు దొరికితే అటే పారిపోతుంది. అందుకే పుస్తకంలో బొమ్మ వేసినట్టు చక్కటి గరాటు గుంత ఇక్కడి బావుల్లో అరుదు. ఒక వైపు నున్నగా పొర వెంట తెగి, ఇంకో వైపు మెట్లు మెట్లుగా ఉండే వంకర గుంతలే ఎక్కువ. అనుభవమున్న రాతి పనివాళ్లు పొక్క పెట్టే ముందు బండ మీద నీళ్లు చల్లి, నీళ్లు ఎటు ఇంకుతున్నాయో చూసి చీలిక వాటం కనిపెడతారు. మామూలు బావి పనికి ఏ ఫార్ములా కన్నా ఆ చెంబుడు నీళ్లే ఎక్కువ నమ్మదగినవి.

గోదావరి వైపు, భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల ప్రాంతాల్లో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులకు బొగ్గు మీద ఉండేది ఇసుకరాయి. అందులో గింజల మధ్య సందులుంటాయి. పేలుడు శక్తిలో పెద్ద వాటా ఆ సందులను నలపడంలోనే పోతుంది, పగుళ్లు గ్రానైట్‌లో అంత దూరం బారవు. మెత్తటి రాయి కదా, తేలిగ్గా పగులుతుందని అనుకుంటే లెక్క తప్పుతుంది.

కరీంనగర్‌లో టాన్ బ్రౌన్ అనే రకం గ్రానైట్ తీసే క్వారీల్లో అవసరం పూర్తిగా తలకిందులు. అక్కడ రాయి దిమ్మగా, పగులు లేకుండా రావాలి. కంటికి కనిపించని పగులు ఉన్నా పాలిష్ పట్టేటప్పుడు బయటపడి దిమ్మ విలువ పోతుంది. అందుకే వజ్రపు పూసలు గుచ్చిన తీగతో రాయిని కోస్తారు. పేలుడును వీలైనంత దూరం పెడతారు.

గుంతకు అవతల

గుంత చేయడానికి పనికిరాని శక్తి ఊరికే పోదు. నేల కంపనంగా ఊళ్లోకి వస్తుంది. మందు మరీ లోతైతే, ముందు ఖాళీ లేకపోతే, విడుదల కాని శక్తి కంపనంలోకే ఎక్కువ మళ్లుతుంది. మరీ పైకైతే రాళ్లు ఎగిరి పొలాల్లో, ఇళ్ల మీద పడతాయి. గుంత సరిగ్గా పడని పేలుడే చుట్టుపక్కలవాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో పెట్టిన పరిమితుల ప్రకారం మామూలు ఇళ్ల దగ్గర నేల కదిలే వేగం, కంపనం తీరును బట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. చారిత్రక కట్టడాల దగ్గర అది 2 మిల్లీమీటర్ల నుంచి మొదలవుతుంది. 1213 నాటి రామప్ప గుడి ఉన్న జిల్లా పక్కనే బొగ్గు గనులున్న ప్రాంతంలో ఆ 2కీ 5కీ మధ్య తేడా కాగితం మీది అంకె కాదు.

బావి విషయానికి వస్తే, గుంత దాటి బండలోకి పోయిన పగుళ్లు మరో పని చేస్తాయి. గ్రానైట్ తనలో నీళ్లు దాచుకోదు, నీళ్లుండేది చీలికల్లోనే. పేలుడు పగులు ఒకటి పోయి పాత చీలికను కలిస్తే, మర్నాడు పొద్దున దిగేసరికి గోడ మూల నుంచి సన్నటి ఊట కారుతూ ఉంటుంది. కలవకపోతే ఎత్తిపోసిన రాయే లెక్క. రాళ్లన్నీ ఎత్తాక పనివాళ్లు గుంత లోతు కొలవడానికి ముందు గోడల మీద చెయ్యి పెట్టి తడి ఎక్కడుందో వెతికేది అందుకే.